అటక మీది కత్తి వయసెంత?

పిల్లలూ! ఈ నెల మాకు నంద్యాల జిల్లా నుంచి రెండు ఉత్తరాలు వచ్చినవి. రెండూ పాత కత్తులను గురించే. ఒకటి ఆళ్లగడ్డ నుంచి ఎనిమిదో తరగతి కుర్రవాడు రాశాడు. రెండోది నంద్యాల నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి రాసింది. ఆ కుర్రవాడి ఉత్తరంలో తొందర ఉన్నది కనక ముందు దాని సంగతి చూద్దాం.

అతని ముత్తాత రెండవ ప్రపంచయుద్ధంలో మద్రాసు శాపర్స్ దళంలో పనిచేశాడట. బర్మాలో యుద్ధం ముగిశాక 1946లో ఇంటికి వస్తూ ఒక జపాను కత్తి తెచ్చాడట. అప్పటినుంచి అది అటక మీదే ఉన్నది. ఏడాదికి ఒకసారి, దసరాకు, కిందికి దించి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ పైకి ఎక్కిస్తారట.

“ఈ దసరా లోపల దాన్ని ఇటుకపొడి, చింతపండు వేసి తోమించి, నికెలు పూత పోయించాలని మా చిన్నాయన అంటున్నాడు. అది సమురాయి కత్తి, నాలుగు వందల ఏళ్ళనాటిది, మెరుగు పెడితే లక్షలు వస్తాయని ఆయనకు ఎవరో చెప్పారు. మా అవ్వ మాత్రం ఒప్పుకోవటంలేదు. అది మనది కాదు, ఎవరో తల్లి కన్నబిడ్డది, వాళ్ళ వాళ్ళెవరన్నా కనిపిస్తే ఇచ్చెయ్యాలని ముత్తాత అంటుండేవాడట. అది నిజంగా సమురాయి కత్తేనా? దాని వయసు తెలుసుకోవటం ఎట్లా? తోమించవచ్చునా?” అని ఆ కుర్రవాడు అడిగాడు.

మూడో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాం. తోమించకూడదు. ఇటుకపొడి వద్దు, చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, గరుకు కాగితం వద్దు, నికెలు పూత అసలే వద్దు. ఎందుకంటే ఆ కత్తి వయసు చెప్పే సాక్షులలో ముఖ్యమైనది తుప్పే. తుప్పు పోతే సాక్షి పోయినట్టే. అది ఎట్లాగో చూడండి.

కత్తిని చూసే ముందు ఒక నియమం ఉన్నది. పిల్లలు కత్తిని ఒర నుంచి దూయకూడదు. ఎనభై ఏళ్ళు అటక మీద ఉన్నా జపాను కత్తి పదును పోదు. పెద్దవాళ్ళు దూయాలి, మీరు పక్కన కూర్చుని చూడాలి, కొలవాలి, రాసుకోవాలి. వట్టి వేళ్ళతో అలుగును తాకవద్దు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. ఈవేళ వేలు పెట్టిన చోట కొద్ది రోజుల్లో వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది.

ఇక పరీక్ష మొదలు పెడదాం.

మొదట కొలత. జపానులో కత్తి పొడవును “షాకు” అనే కొలతతో చెబుతారు. ఒక షాకు అంటే 30.3 సెంటీమీటర్లు. అలుగు మొన నుంచి, పిడి దగ్గర వెన్నువైపు ఉండే చిన్న గంటు దాకా దారం తిన్నగా పట్టి కొలవాలి. వంపు వెంట కొలవరాదు. రెండు షాకులు, అంటే 60.6 సెంటీమీటర్లు, అంతకు మించితే పెద్ద కత్తి. అంచు పైకి ఉండేట్టు నడుముకు దోపుకునేదాన్ని కతానా అంటారు. అంచు కిందికి ఉండేట్టు వేలాడదీసే పాత రకాన్ని తాచి అంటారు. ఒక షాకు నుంచి రెండు షాకుల లోపుది వాకిజాషి. ఒక షాకు లోపుది తాంతో, అంటే బాకు. సమురాయిలు కతానాను, వాకిజాషిని జంటగా ధరించేవారు. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నది గదా, అక్కడి జపాను విభాగంలో ఇటువంటి కత్తులు ఉన్నవి. 1949లో చనిపోయిన మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో 1951లో ఆ మ్యూజియం తెరిచారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు తప్పక చూడండి. అసలైనదాన్ని ఒక్కసారి నిదానంగా చూసిన కన్ను తరవాత సులభంగా మోసపోదు.

రెండవది వేషం. పిడి, ఒర, మధ్యనుండే బిళ్ళ, ఇవన్నీ కత్తికి బట్టల వంటివి. మనిషి వయసును బట్టలు చూసి చెప్పలేం గదా! పెళ్ళికి కొత్త చొక్కా తొడుక్కున్న తాత పడుచువాడు కాడు. కత్తి కూడా అంతే. జపాను సైన్యం 1934లోనూ, 1938లోనూ తన అధికారులకు కొత్త నమూనా కత్తులు నిర్ణయించింది. వాటి పిడి మీదా, బిళ్ళ మీదా చెర్రీ పువ్వులుంటవి. పువ్వుకు అయిదు రేకులు. ఒర లోహంతో చేసి సైన్యపు రంగు పూసినది, లేదా పైన తోలు తొడిగినది. ముత్తాత తెచ్చిన కత్తికి ఈ పువ్వులుంటే దాని బట్టలు ఆనాటివని తెలుస్తుంది. లోపలి అలుగు మాత్రం ఆనాటిదే కావచ్చు, మూడు నాలుగు వందల ఏళ్ళ వెనకటిది కూడా కావచ్చు. ఎట్లాగంటారా? యుద్ధానికి పోయే అధికారులు కొందరు తమ ఇంట్లో తరతరాలుగా వస్తున్న అలుగునే తీసుకుని, దానికి సైన్యపు పిడి, ఒర తొడిగించి వెంట తీసుకుపోయారు.

చెర్రీ పువ్వులు లేక, పిడి మొత్తం పోతపోసిన లోహమై, నూలుతాడు చుట్టినట్టు కనిపించేలా రంగు వేసి ఉంటే అది వేరే రకం. 1935 నుంచి చిన్న అధికారులకు ఇచ్చిన కత్తి అది. దాని అలుగును యంత్రం మీద చేశారు. పిడికి దగ్గరగా అలుగు మీద ఒక అంకె కూడా అచ్చు గుద్ది ఉంటుంది. అంకె కనిపించగానే సగం ప్రశ్న తీరినట్టే. అది చరిత్ర ఉన్న వస్తువే, గాని నాలుగు వందల ఏళ్ళది కాదు.

మూడవది అలుగు మీది గీత. కిటికీ దగ్గర వెలుతురులో కత్తిని కొంచెం వాల్చి చూస్తే, అంచు వెంబడి తెల్లని పొగమంచు లాటి చార కనిపిస్తుంది. ఒకప్పుడు తిన్నగా, ఒకప్పుడు అలలు అలలుగా ఉంటుంది. జపాను వాళ్ళు దీన్ని హామోన్ అంటారు.

ఇది ఎట్లా వస్తుందో ఆళ్లగడ్డ పిల్లలకు చెప్పటం సులభం. మీ ఊళ్ళో శిల్పులు రాతిని చెక్కుతుంటే చూశారు గదా! వాళ్ళ ఉలి మొన గట్టిగా ఉండాలి, లేకపోతే రాయి చెక్కబడదు. ఉలి మొత్తం అంత గట్టిగా ఉంటే సుత్తి దెబ్బకు పుటుక్కున విరుగుతుంది. అందుకని మొనను మాత్రం కొలిమిలో కాల్చి నీళ్ళలో ముంచి పదును పట్టిస్తారు. జపాను కమ్మరి కూడా ఇదే పని చేశాడు, గాని మొనకు కాదు, అంచు పొడుగునా చేశాడు. కత్తికి తడిమట్టి పూశాడు, అంచు మీద పలచగా, వెన్ను మీద మందంగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాడు. పలచని మట్టి ఉన్న అంచు గబుక్కున చల్లారి గట్టిపడింది. మందపు మట్టి ఉన్న వెన్ను నెమ్మదిగా చల్లారి మెత్తగా, విరగకుండా వంగేట్టు మిగిలింది. ఆ రెండూ కలిసే సరిహద్దే హామోన్. ఇంకొక వింత కూడా ఉన్నది. గట్టిపడిన ఉక్కు కొంచెం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంచు సాగుతుంది, వెన్ను సాగదు. అందుచేత నీళ్ళలో ముంచినప్పుడు కత్తి తనంతట తానే వెన్నువైపుకు వంగుతుంది. జపాను కత్తి వంపులో సుత్తి చేసినది కొంతే, నీళ్ళు చేసినది కొంత.

దొంగ కత్తుల మీద ఈ గీతను యాసిడ్‌తో గాని, తీగబ్రష్షుతో గాని తెప్పిస్తారు. భూతద్దంలో చూస్తే అసలు గీత దగ్గర సన్నని వెండిరజను చల్లినట్టు మెరిసే చుక్కలు కనిపిస్తవి. దొంగ గీత రంగు వేసినట్టు చదునుగా ఉంటుంది. మీ చిన్నాయన ఇటుకపొడితో తోమిస్తే మొదట పోయేది ఈ గీతే. జపానులో కత్తికి మెరుగు పెట్టటం ఒక ప్రత్యేకమైన వృత్తి. ఆ పనివాళ్ళు రకరకాల రాళ్ళు ఒకదాని తరవాత ఒకటి మారుస్తూ రోజుల తరబడి పనిచేస్తారు.

కొందరు “జపాను కత్తి ఉక్కును పదిలక్షల సార్లు మడిచారు” అని చెబుతుంటారు. మనం లెక్కవేసి చూద్దాం. ఒకసారి మడిస్తే 2 పొరలు, రెండుసార్లు మడిస్తే 4, మూడుసార్లకు 8. పదిసార్లు మడిస్తే 1,024 పొరలు. పదిహేనుసార్లకు 32,768. కమ్మరి మడిచేది సాధారణంగా పది, పదిహేనుసార్లే. అంతకు మించి మడిస్తే ఉక్కులోని కర్బనం కాలిపోయి కత్తి పనికిరాకుండా పోతుంది. లక్షలలో చెప్పేవాడికి లెక్కలు రావన్నమాట.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పిడిలోపల దాగి ఉండే తోక. దీనిని నకాగో అంటారు. పిడికి అడ్డంగా ఒక వెదురు మేకు ఉంటుంది. తెలిసిన పెద్దవాళ్ళు ఆ మేకును నెమ్మదిగా అవతలికి నెడితే పిడి ఊడివస్తుంది. రాకపోతే బలవంతం చెయ్యవద్దు. సుత్తితో కొట్టవద్దు. తెలిసినవాళ్ళు దొరికేదాకా ఆగటం మంచిది.

తోకను జపాను వాళ్ళు ఎప్పుడూ తోమరు. చేసిన రోజునుంచి దాని మీద తుప్పు పేరుకుంటూనే ఉంటుంది. కొత్త తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంటుంది. వందల ఏళ్ళ తుప్పు నల్లగా, గట్టిగా, చింతగింజ తొక్క రంగుకు దగ్గరగా ఉంటుంది. మందులు పూసి తుప్పును నల్లబరిచే మోసగాళ్ళు కూడా ఉన్నారు కనక రంగు ఒక్కటే చాలదు, గాని రంగు లేకుండా ఏదీ చాలదు. తోకను తోమేసిన కత్తి, పుట్టినతేదీ కాగితం చింపేసుకున్న మనిషి వంటిది. అతనికి వయసు ఉన్నది, రుజువు లేదు.

తోక మీద ఇంకేమి చూడాలి? మేకు రంధ్రాలు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే మంచిది. రెండు మూడు ఉంటే ఆ కత్తికి ఎప్పుడో పిడి మార్చారన్నమాట. పొడవైన పాత కత్తులను తరవాతివాళ్ళు తోక వైపు నుంచి కోసి పొట్టి చేసేవాళ్ళు. అప్పుడు పాత రంధ్రం పనికిరాక కొత్తది పొడిచారు. అట్లా కోసినప్పుడు చేసినవాడి పేరు కూడా తెగిపోయి ఉండవచ్చు. కనక పేరు లేనంతమాత్రాన అది తక్కువ కత్తి కాదు.

పేరు ఉంటే ఒక పక్క కమ్మరి పేరు, రెండో పక్క తేదీ చెక్కి ఉంటుంది. తేదీ అన్ని కత్తుల మీదా ఉండదు. పేరు పక్కన చిన్న ముద్ర గుద్ది ఉన్నదేమో కూడా చూడండి. యుద్ధకాలంలో గీఫు ప్రాంతపు సేకీ పట్టణంలోనూ, మరికొన్ని చోట్లా హడావుడిగా, పాత పద్ధతి విడిచిపెట్టి, నీళ్ళకు బదులు నూనెలో ముంచి కత్తులు చేశారు. అటువంటివాటి మీద తరచు ఈ ముద్రలుంటవి. ఇంకొక హెచ్చరిక. గొప్ప కమ్మరుల పేర్లను చిన్న కమ్మరులు తమ కత్తుల మీద చెక్కటం జపానులో వందల ఏళ్ళుగా జరుగుతున్న మోసమే. కాబట్టి పేరు చదవగానే గంతులు వెయ్యరాదు. పేరు ఒక మాట చెబితే వంపు, గీత, తుప్పు కూడా అదే మాట చెప్పాలి.

ఇప్పుడు తేదీ చదవటం నేర్చుకుందాం. జపాను అంకెలలో ఒకటి అంటే ఒక అడ్డగీత. రెండు అంటే రెండు అడ్డగీతలు. మూడు అంటే మూడు. పది అంటే మన కూడిక గుర్తు లాగే ఉంటుంది. సంవత్సరాన్ని చక్రవర్తి కాలాన్ని బట్టి చెబుతారు. షోవా కాలం 1926లో మొదలయింది. అది షోవా 1. కనక షోవా సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్క వస్తుంది. షోవా 17 అంటే 17, 1925 కలిపి 1942. మేజీ కాలం 1868లో మొదలయింది కనక 1867 కలపాలి. అంతకన్నా వెనకటి తెంపో కాలం 1830లో మొదలయింది, 1829 కలపాలి. కొన్ని కత్తుల మీద అరవై ఏళ్ళ చక్రంలోని పేరు ఉంటుంది. ప్రభవ నుంచి అక్షయ దాకా మన పంచాంగంలోనూ అరవయ్యే గదా! మన అవ్వలు “ఫలానా సంవత్సరంలో పుట్టాను” అన్నప్పుడు ఎంత చిక్కో ఇక్కడా అంతే చిక్కు. ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగివస్తుంది, ఏ తిరుగుడో వేరే సాక్ష్యంతో తేల్చాలి.

జపాను పండితులు కత్తుల చరిత్రను భాగాలు చేశారు. సుమారు 1596కు పూర్వం చేసినవి కొతో, అంటే పాత కత్తులు. అక్కడినుంచి సుమారు 1780 దాకా షింతో, కొత్త కత్తులు. ఆ తరవాత 1876 దాకా షిన్‌షింతో, కొత్తకొత్త కత్తులు. 1876లో జపాను ప్రభుత్వం సమురాయిలు బహిరంగంగా కత్తులు ధరించరాదని ఆజ్ఞ జారీ చేసింది. అప్పటినుంచి 1945 దాకా వచ్చినవాటిని గెందాయితో అంటారు. సమురాయి వాడినది కావాలంటే అలుగు 1876కు ముందుదై ఉండాలి. షోవా తేదీ కనిపిస్తే అది సైనికుడి కత్తి, సమురాయిది కాదు.

తోక మీది అక్షరాలకు నకలు తియ్యటం మీకు వచ్చిన విద్యే. రూపాయి బిళ్ళ మీద కాగితం పరచి పెన్సిలుతో రుద్దితే బొమ్మ లేస్తుంది గదా! అంతే. పలచని కాగితం పరచి మెత్తని పెన్సిలుతో నిదానంగా రుద్దాలి. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం ఉన్నది. అటువంటి శాసనాలకు పండితులు తడికాగితం అద్ది, సిరా పూసి నకలు తీస్తారు. రాతిని గాని, అక్షరాన్ని గాని గీరరు. మీరు కూడా అక్షరం సరిగా కనబడలేదని సూదితో గీరవద్దు. నకలు, ఫోటోలు, కొలతలు కలిపి రాష్ట్ర పురావస్తుశాఖ వారికి గాని, మ్యూజియం వారికి గాని పంపి అడగండి.

ఇప్పుడు నంద్యాల అమ్మాయి ఉత్తరం. ఆమె మేనమామ ఇంట్లో ఇనుపపిడి కత్తి ఒకటి ఉన్నది. పిడి చివర గుండ్రని బిళ్ళ ఉన్నది. అలుగు మీద అరబ్బీ అంకెలతో 1255 అని ఉన్నదట. అది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కత్తి అని ఒక మామ, కాదు కర్నూలు నవాబుది అని ఇంకొక మామ వాదించుకుంటున్నారట.

పిడి వర్ణన చూస్తే అది తల్వార్ అనే మన దేశపు కత్తి. అంకె హిజరీ సంవత్సరం కావచ్చు. చాంద్రమాన సంవత్సరం చిన్నది కనక, దాన్ని 0.97తో గుణించి 622 కలపాలి. 1255ను గుణిస్తే 1,217. దానికి 622 కలిపితే 1839. సరిగ్గా ఆ 1839లోనే ఆయుధాలు కూడబెడుతున్నాడనే నేరం మోపి బ్రిటిషువారు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని ఆయన రాజ్యం తీసుకున్నారు. రెండో మామ ఎగిరి గంతేస్తాడేమో! ఆగమనండి. ఆ ఏడు తయారయిందని తెలిసింది. ఎవరి చేతిలో ఉన్నదో తెలియలేదు. నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన చేతికి వచ్చి ఉండటానికి వీలున్నదే గాని, వీలున్నది అనటం వేరు, జరిగింది అనటం వేరు. పేరో, కాగితమో దొరికేదాకా ఇద్దరు మామలూ సమానమే.

ఇంకొకటి. పిడి మనదైనా అలుగు మనది కాకపోవచ్చు. ఐరోపా నుంచి వచ్చిన అలుగులకు మన పిడులు తొడిగిన కత్తులను దక్కనులో ఫిరంగీ అనేవారు. మన ఉక్కు కూడా దేశాలు తిరిగింది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మట్టిమూసలలో ఉక్కు చేసేవారు. దాన్ని కొనటానికి పారశీకంలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు అక్కడికి వచ్చి మకాం వేశాడని 1820 ప్రాంతాన వాయిసీ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. మన “ఉక్కు” మాటే మారి ఐరోపా భాషలలో “వూట్జ్” అయింది.

ఈ రెండు ఉత్తరాలను కలిపే తమాషా ఒకటి ఉన్నది. 17వ శతాబ్దం మొదట్లో జపానులో యసుత్సుగు అనే కమ్మరి ఉండేవాడు. ఆయన తన కత్తుల తోక మీద “నాంబన్ ఇనుముతో చేసినది” అని గర్వంగా చెక్కేవాడు. నాంబన్ అంటే దక్షిణాన సముద్రం మీదుగా వచ్చేది. ఆ రోజుల్లో డచ్చి ఓడలు మన మచిలీపట్నానికీ వచ్చినవి, 1609 నుంచి జపానులోని హిరాదోకూ వెళ్ళినవి. ఆ ఇనుములో కొంత హిందూదేశపు ఉక్కేనని కొందరు పండితుల అభిప్రాయం.

మళ్ళీ ఆళ్లగడ్డకు వద్దాం. తల్లిదండ్రులకు, చిన్నాయనలకు కొన్ని మాటలు. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా అటువంటివాటి వ్యాపారం చెయ్యరాదు, సొంతంగా విదేశాలకు పంపరాదు. భూమిలో దొరికినదైతే, పది రూపాయలు మించిన విలువ ఉంటే కలెక్టరుగారికి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. కత్తులు ఇంట్లో ఉంచుకోవటానికి ఆయుధాల చట్టం ప్రకారం ఏమి చెయ్యాలో పోలీసు స్టేషనులో అడిగి తెలుసుకోండి. నికెలు పూత పోస్తే ధర పెరగదు, పడిపోతుంది. కొనేవాడు చూసేది తుప్పునూ, గీతనూ, పేరునూ. అవి పోయాక మిగిలేది మెరిసే ఇనుపముక్క.

అవ్వకు కూడా ఒక మనవి. పసుపు కుంకుమలలో తేమ నిలిచి అలుగు తుప్పు పడుతుంది. పూజ మానవద్దు. కత్తిని పీట మీద పెట్టి, బొట్టు పీటకు పెట్టండి. పూజ అయ్యాక పెద్దవాళ్ళు మెత్తని పొడిగుడ్డతో అలుగును తుడిచి, కుట్టుమిషనుకు వాడే పలచని నూనె ఒకటి రెండు చుక్కలు పట్టిస్తే చాలు. కొబ్బరినూనె, ఆముదం జిడ్డు కట్టి చెడిపోతవి, వద్దు. తోకకు ఏమీ పుయ్యవద్దు.

ఇక ముత్తాత మాట. 1945లో జపాను ఓడిపోయినప్పుడు, జపాను అధికారులు తమ కత్తులు స్వయంగా అప్పగించాలని మౌంట్‌బాటెన్ పట్టుబట్టాడు. ఆ సంవత్సరం బర్మాలోనూ, మలయాలోనూ ఎందరో తమ తాతల కత్తులు బల్లల మీద పెట్టి వెళ్ళిపోయారు. అట్లా అప్పగించిన కత్తులకు కొన్నిటికి పిడి మీద కట్టిన చెక్కముక్కో, గుడ్డపీలికో ఉండేది. దాని మీద సొంతదారు పేరు, ఊరు రాసి ఉండేది. పిడిలోపలా, ఒర మీదా, పిడి తాడు సందుల్లో జాగ్రత్తగా చూడండి. చిన్న కాగితం దొరికినా పారెయ్యవద్దు. ఇటువంటి కత్తులు అమెరికా, బ్రిటన్ దేశాల నుంచి తిరిగి ఆ కుటుంబాలకు చేరిన సందర్భాలు ఉన్నవి.

కత్తిని ఉంచుకోవాలా, ఇవ్వాలా అనేది ఆ ఇంటివాళ్ళు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. దానికి ఈ పత్రిక తీర్పు చెప్పదు. కాని తోమించేస్తే, రేపు ఇద్దామనుకున్నా ఎవరికి ఇవ్వాలో తెలియకుండా పోతుంది. ఆ కుర్రవాడు ఈ పేజీని చిన్నాయనకు చదివి వినిపించాలి. దసరాకు ఇంకా వ్యవధి ఉన్నది. తోక మీది నకలు తీసి మాకు ఒకటి పంపితే సంతోషిస్తాం.

మీ అందరికీ ఈ నెల లెక్కలు: (1) తోక మీద షోవా 19 అని ఉంటే ఏ సంవత్సరం? (2) తెంపో 8 అని ఉంటే ఏ సంవత్సరం, అది ఏ భాగంలో చేరుతుంది? (3) తల్వార్ మీద హిజరీ 1200 ఉంటే సుమారుగా ఏ సంవత్సరం? (4) ఉక్కును పన్నెండుసార్లు మడిస్తే ఎన్ని పొరలు?

జవాబులు: (1) 1944. (2) 1837, షిన్‌షింతో. (3) 1786. (4) 4,096.